బిల్లు ఎవరి గుమ్మానికి?

2070 నాటికి కర్బన ఉద్గారాలను నికర సున్నాకు తెస్తామని 2021లో గ్లాస్గోలో మన దేశం మాటిచ్చింది. ఖర్చెవరిదన్న వాదన ఇప్పుడు తెనాలి టీకొట్ల దాకా వచ్చింది. నీళ్లు నిలిచిన వరిమడి మీథేన్ వదులుతుంది. ఆరుతడి పెడితే తగ్గుతుంది, నిజమే. కానీ కాలువ చివరనున్న రేపల్లె రైతు వచ్చిన నీటిని మడిలో నిలుపుకోకుండా ఉంటాడా? మళ్లీ ఎప్పుడొస్తాయో! నిజాంపట్నం వైపు రొయ్యల చెరువుల్లో రాత్రి కరెంటు పోతే ఏరియేటర్లు ఆగుతాయి. రొయ్యలు ఊపిరాడక పైకి తేలేలోపు డీజిల్ జనరేటర్ తిప్పాల్సిందే.

అలాగని చేతులు ముడుచుకుందామంటే, 1977 నవంబరు 19 ఉప్పెన చూసిన తీరం మనది. సముద్రం వేడెక్కేకొద్దీ తుపాన్లు ముదురుతాయి. నా మొగ్గు తగ్గింపు వైపే. బిల్లు మాత్రం ముందు రైతుకు పంపొద్దంటాను. బాపట్ల నుంచి వచ్చిన వ్యాసం ఇందులో సగం ఒప్పుకోదు. ఈ సంచికలో దాన్నే మొదట వేశాం.