మిద్దె తోటకు మట్టి కొంటున్నారా? ముందు గాలి కొలవండి!

నిరుడు ఉప్పల్‌లో తెలిసినవారి మిద్దె మీద వడలిపోయిన టమాటా కుండీ ఒకటి బోర్లించి చూశాం. పైన మట్టి పొడి పొడి. అడుగున బురద. వేళ్లు నల్లబడి వాసన కొడుతున్నాయి. ఆ ఇంటావిడ మాత్రం, "నీళ్లు చాలలేదేమో, ఇంకో చెంబు పోద్దామా?" అని అడిగారు!

మొక్క చస్తే విత్తనాన్నో, ఎండనో, పురుగునో తిట్టుకుంటాం. కుండీలో పోసిన మట్టిని మాత్రం అనుమానించం. తప్పు తరచుగా అక్కడే ఉంటుందని నా అభిప్రాయం.

మన ఉప్పల్, నాచారం వైపు దొరికేది ఎక్కువగా ఎర్రమట్టి. చేలో అది మంచి మట్టే. కింద ఉన్న నేల నీటిని లాగేస్తుంది. అదే మట్టిని జానెడు కుండీలో పోస్తే లాగడానికి కింద నేల ఏది? నీరు అడుగునే నిలుస్తుంది, వేళ్లకు ఊపిరాడదు. గులకరాళ్లు వేస్తే నీరు దిగిపోతుందనుకుంటే పొరపాటే. సన్నమట్టి పట్టుకున్న తడి ముతక రాళ్లలోకి సులువుగా దిగదు. ఆ తడి పొర ఇంకా పైకి, వేళ్ల దగ్గరికే జరుగుతుంది.

ఇక బరువు సంగతి. తడిసిన మట్టిని అడుగు లోతున పరిస్తే చదరపు మీటరుకు 500 కిలోల పైమాటే. మనుషులు తిరిగే చదును మిద్దెకు ఐ.ఎస్. 875 ప్రమాణం లెక్కగట్టే అదనపు భారం సుమారు 150 కిలోలు మాత్రమే! మిద్దెంతా మట్టి పరిచే ముందు ఇంజనీరును అడగండి. బరువైన కుండీలను స్లాబు నడుమ కాకుండా దూలాలు, గోడల మీదుగా పెట్టండి.

అందుకే కోకోపీట్ కొంటున్నాం అంటారా? మంచిదే. పేరులో పీట్ ఉన్నా అది పీట్ కాదు. అసలు పీట్ చలి దేశాల చిత్తడి నేలల్లో నాచు పూర్తిగా కుళ్లక పేరుకున్నది. ఏడాదికి దాదాపు ఒక మిల్లీమీటరు మాత్రమే పెరుగుతుంది. మనకు దాని అవసరం లేదు, కోనసీమ కొబ్బరి పొట్టు ఉంది. తన బరువుకు ఎన్నో రెట్లు నీరు పట్టుకుని కూడా వేళ్లకు గాలి అందిస్తుంది. అయితే మూడు జాగ్రత్తలు. ఉప్పు ఉండవచ్చు, మంచినీటితో రెండు మూడుసార్లు కడగాలి. మరీ మెత్తని పొడి అయితే అదీ బురదవుతుంది. అందులో పోషకాలు తక్కువ, ఎరువు కలపాలి.

కొన్న మిశ్రమం మంచిదో కాదో ఇంట్లోనే తేల్చుకోవచ్చు. 5 లీటర్ల కుండీ రంధ్రాలు మూసి మిశ్రమం నింపండి. పైన నీరు మెరిసేదాకా మెల్లగా పోయండి. కాసేపు ఆగి, రంధ్రాలు తెరిచి కారిన నీరు పట్టండి. ఆ నీరు ఖాళీ చేసిన చోటే గాలి ఉండే చోటు. అర లీటరైనా రాకపోతే ఆ మిశ్రమం బిగుసుకున్నట్టే. లీటరు దాకా వస్తే చాలా మేలు. తక్కువ వస్తే ముతక కొబ్బరి ముక్కలో, వరి ఊకో కలిపి మళ్లీ కొలవండి. సన్న ఇసుక వేయకండి, ఉన్న సందులు కాస్తా పూడుకుపోతాయి.

అమ్మేవారికీ ఒక మాట. ఎరువు సంచి మీద నత్రజని ఎంతో రాస్తారు కదా? మట్టి మిశ్రమం సంచి మీద కూడా ఎన్ని లీటర్లు, తడిస్తే ఎంత బరువు, ఉప్పు ఎంత అన్నది రాయాలి. అడిగేవాళ్లు ఉంటేనే రాస్తారు. ఈసారి సంచి కొనేటప్పుడు ఈ మూడూ అడగండి. చెప్పలేకపోతే ఒక్క సంచే కొని, కొలిచి చూసి, తర్వాతే మిగతావి తెచ్చుకోండి.