మా నవ్వుకు లెక్క చెప్పండి



పేపర్లో పెద్దక్షరాలతో ఏదో ఒక కొత్త యంత్రం వచ్చిందని, దేశం ముందుకు దూకిందని రాస్తారు. టీ అంగడి కాడ ఒకరు బయటికి చదువుతారు, పదిమంది వింటారు. ఇప్పుడు పేపరుతోపాటు ఫోను కూడా వచ్చింది గానీ, చదివి వినిపించే అలవాటు మాలవాడల్లో, మాదిగవాడల్లో ఇంకా పోలేదు. చదివినాక ఎవరో ఒకరు ఒక మాట అంటారు. అందరూ నవ్వుతారు.

ఈ నవ్వు చూసి ఊరి పెద్దకులాలోళ్లు, ఆఫీసుల్లో కుర్చీలేసుకున్నోళ్లు, పట్నం మేధావులు ఒకే మాట అంటారు: 'పాపం పల్లెజనం, వాళ్లకేం తెలుసు! అర్థంగాక నవ్వుతారు.'

మేం చెప్తున్నాం: అర్థంగాక కాదు, బాగా అర్థమై నవ్వుతున్నాం. మా నవ్వు ఎగతాళి కాదు, లెక్క అడగడం. లెక్క చెప్పేవాడు లేక అది నవ్వుగా బయటికి వస్తున్నది. మా మాట నమ్మకపోతే ఆ నవ్వుల్నే ఒక్కొక్కటిగా విప్పి చూడండి.

మోడం లేని మథనం, తూటా లేని తుపాకీ

అనంతపురం సీమలో ఏడాదికి పడే వాన 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ. అదీ పడితే. పడమటి కనుమల చాటున ఉన్నోళ్లం. నైరుతి మోడాలు ఆ కొండల అవతలే బరువు దించుకొని మాకు గాలి మాత్రం పంపిస్తాయి.

2000ల మొదటి ఏండ్లలో మేఘమథనం అన్నారు. విమానాలు ఎగిరినాయి. సిల్వర్ అయోడైడు, కాల్షియం క్లోరైడు చల్లితే వాన కురుస్తుందన్నారు. పేపర్లు విమానం బొమ్మలేసినాయి. మా వాడలో ఒక ముసలాయన అడిగినాడు: 'చల్లేదానికి ముందు మోడం ఉండల్ల కదప్పా! మోడమే ఉంటే వీళ్లతో ఏం పని?' ఇందులో అర్థంగానిది ఏముంది? ఉన్న మోడంలోంచి ఇంకాస్త రాబట్టే ప్రయత్నమే గాని, లేని మోడాన్ని పుట్టించే విద్య లేదని శాస్త్రం చెప్పేదీ అదే. ముసలాయన పుస్తకం చదవలేదు, డెబ్బై ఏండ్లు ఆకాశాన్ని చదివినాడు.

2016 ఆగస్టులో ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు మా జిల్లాకు వచ్చి రెయిన్‌ గన్నులు తిప్పించినారు. ఎండిపోతున్న శెనక్కాయను కాపాడతామన్నారు. రెయిన్‌ గన్ను నీళ్లను దూరంగా చిమ్మే గొట్టం, నీళ్లను పుట్టించే గొట్టం కాదు. కుంటలోనో, బోరులోనో, ట్యాంకరులోనో ముందు నీళ్లుండల్ల. 'తుపాకీ ఇచ్చినారు సరే, తూటా యాడ?' అని మావోళ్లు నవ్వినారు. ఆ నవ్వు వెనక ఇంకో ప్రశ్న ఉంది. నీళ్లు ఎవరి పొలంలో ఉన్నాయి? కుంట ఎవరి చేన్లో తవ్వినారు? అసైన్‌మెంటు పట్టా పేరుతో రాళ్లగుట్ట మీద ఎకరా రెండెకరాలు చూపించినోళ్ల దగ్గర బోరు ఎక్కడిది? నీళ్లున్నోడికి గన్ను, నీళ్లు లేనోడికి పేపర్లో ఫొటో. దీన్ని అర్థం చేసుకునేదానికి ఇంజనీరింగు చదవాల్నా?

1998 నవంబరులో హైదరాబాదులో హైటెక్ సిటీ తెరిచినారు. 1999లో విజన్ 2020 అనే పుస్తకం వచ్చింది. 2020 రానే వచ్చింది. ఆ మార్చిలో లాక్‌డౌన్ పెడితే దేశంలో లక్షల మంది వలసకూలీలు మూటలు నెత్తిన పెట్టుకొని రోడ్ల మీద నడిచినారు. బెంగళూరు వలస మా ఇండ్లల్లో తెలియనోళ్లు లేరు. అప్పుడొక అక్క అనింది: 'ఇరవై ఏండ్ల ముందే విజన్‌లో అన్నీ చూసినారంట, మన నడక ఒకటే కనపడలేదా?'

చంద్రుడు, మురికిగుంత

2008లో చంద్రయాన్-1 పోయింది. చంద్రుని మీద నీటి జాడ ఉందని 2009లో చెప్పినారు. 2023 ఆగస్టు 23న చంద్రయాన్-3 చంద్రుని దక్షిణ ధ్రువం దిక్కున దిగింది. బడిలో పిల్లలతో కలిసి మేమూ చప్పట్లు కొట్టినాం. శాస్త్రవేత్తలు చేసింది గొప్ప పని, సందేహం లేదు. వాడలో మాత్రం, 'ఆడ నీళ్లు కనుక్కున్నోళ్లను ఒకసారి మా బోరు దిక్కు పంపించండప్పా' అన్నారు. నవ్వినాం.

తర్వాత ఇంకొకరు అన్నారు: 'చంద్రుని మీద దిగేదానికి యంత్రముంది. మురికిగుంతలో దిగేదానికి మాత్రం మనోడే కావల్లనా?' ఈ మాటకు ఎవరూ నవ్వలేదు.

పాకీపనిని నిషేధిస్తూ 1993లో ఒక చట్టం, 2013లో ఇంకో చట్టం వచ్చినాయి. మురుగుకాలవల్లో చనిపోయినోళ్ల కుటుంబానికి 10 లక్షలు ఇవ్వాలని 2014 మార్చిలో, 30 లక్షలు ఇవ్వాలని 2023 అక్టోబరులో సుప్రీంకోర్టు చెప్పింది. కోలారు బంగారు గనుల్లో పాకీపని కుటుంబంలో పుట్టిన బెజవాడ విల్సన్ 1980ల నుంచి ఈ పని పోవాలని పోరాడుతున్నాడు. 2016లో ఆయనకు మెగసెసే అవార్డు వచ్చింది. అవార్డు వచ్చింది గాని చావులు ఆగలేదు. రాకెట్టు చేసే దేశానికి మురుగు తోడే యంత్రం చేయడం రాదా? వస్తుంది. మనిషి చౌకగా దొరికినంత కాలం యంత్రాన్ని దించరు. ఆ చౌక మనిషి ఏ కులంలో దొరుకుతాడో దేశానికి బాగా తెలుసు.

వేలిముద్ర కథ

మా తాతలు వేలిముద్ర వేసి భూములు పోగొట్టుకున్నారు. అప్పు పత్రం అని చెప్పి అమ్మకం పత్రం మీద వేలు పెట్టించుకున్నారు. ఇప్పుడు వేలిముద్ర పడక బియ్యం, కూలి పోగొట్టుకుంటున్నాం. 'అప్పుడు వేలు పడి చచ్చినాం, ఇప్పుడు వేలు పడక చస్తున్నాం' అని ఒక అవ్వ అంటే డీలరు అంగడి ముందర వరుస మొత్తం నవ్వింది. మన రాష్ట్రంలో 2015 నుంచి రేషను అంగళ్లలో వేలిముద్ర యంత్రాలు పెట్టినారు. రాళ్లెత్తి, కలుపు తీసి, శెనక్కాయ పీకి, గిన్నెలు తోమి అరిగిపోయిన వేళ్లకు గీతలు ఎక్కడివి? కష్టం చేయని వేలు యంత్రానికి ఇట్టే తెలుస్తుంది. కష్టం చేసిన వేలునే అది గుర్తుపట్టదు. యంత్రానికి కులం లేదంటారు. నిజమే, యంత్రానికి లేదు. అరిగిన వేళ్లకు ఉంది.

ఉపాధి పని సంగతి చూడండి. జాతీయ ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న మన నార్పల మండలం బండ్లపల్లిలోనే మొదలైంది. ప్రధాని మన్మోహన్ సింగ్, సోనియా గాంధీ వచ్చి మొదలుపెట్టినారు. అప్పుడు మస్టరు కాగితం మీద ఉండేది. 2023 జనవరి 1 నుంచి పని జరిగే ప్రతి చోటా ఫోనులోనే హాజరు అన్నారు. పొద్దున ఒక ఫొటో, మధ్యాన్నం మీద ఇంకో ఫొటో. సిగ్నలు లేకపోతే హాజరు లేదు, హాజరు లేకపోతే కూలి లేదు. దొంగ మస్టర్లు ఆపేదానికే ఇదంతా అన్నారు. 2025 జులైలో కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖే ఒక ఉత్తర్వులో ఒప్పుకుంది: పనికి సంబంధం లేని ఫొటోలు పెడుతున్నారని, ఫొటోకే మళ్లీ ఫొటో తీసి పెడుతున్నారని. దొంగోడు ఫొటోకు ఫొటో తీసి కూలి తిన్నాడు. నిజంగా గుంత తవ్వినోడు సిగ్నలు కోసం గుట్టెక్కినాడు. 'గుట్టెక్కినదానికి కూడా కూలి ఇస్తారా?' అనేది మా వాడ ప్రశ్న. ఇది నవ్వా, దరఖాస్తా?

2005 నాటి ఆ చట్టం స్థానంలో 2025 డిసెంబరులో పార్లమెంటు కొత్త చట్టం చేసింది. 100 రోజులకు బదులు 125 రోజులు అన్నారు. ఖర్చులో 40 శాతం మన లాంటి రాష్ట్రాలు భరించాలన్నారు. సేద్యం పనుల కాలంలో 60 రోజుల దాకా పని ఆపొచ్చన్నారు. అంటే మేం ఉపాధి పనికి పోకుండా, పెద్దరైతు చెప్పిన కూలికే ఆయన చేన్లోకి పోవల్ల. పేపర్లో 125 పెద్దక్షరాల్లో వచ్చింది, మిగతాది చిన్నక్షరాల్లో వచ్చింది. మావోళ్లు చిన్నక్షరాలు కూడా చదివించుకొని నవ్వినారు.

2025 అక్టోబరులో గూగుల్ కంపెనీ విశాఖపట్నంలో 1500 కోట్ల డాలర్లతో డేటా సెంటరు పెడతామని చెప్పింది. కృత్రిమ మేధకు అది ఇల్లంట. అంత పెద్ద యంత్రాలు కాగిపోకుండా చల్లబరచల్ల, దానికి నీళ్లు కూడా వాడతారు అని చదివి వినిపిస్తే ఒకాయన అన్నాడు: 'యంత్రానికి దప్పికైతే కొళాయి ముందే సిద్ధం. మా ఎస్సీ కాలనీకి దప్పికైతే అర్జీ రాయమంటారు.'

నవ్వే హక్కు ఎవరిది?

ఇదంతా విని మనలోనే చదువుకున్న కొందరు ముఖం మాడ్చుకుంటారు. 'యంత్రాలను ఎగతాళి చేస్తే వెనకబడిపోతాం సార్' అంటారు. తమ్ముళ్లారా, మనం యంత్రానికి పగవాళ్లం కాదు. 1945లో కాంగ్రెసు, గాంధీ అంటరానివాళ్లకు చేసిందేమిటని అడుగుతూ రాసిన పుస్తకంలో బాబాసాహెబ్ అంబేడ్కర్ యంత్రం పక్షానే నిలబడినాడు. మనిషికి తీరిక దొరికేది యంత్రం వల్లనే అన్నాడు. చెడు యంత్రంలో లేదు, దాన్ని కొందరి సొత్తు చేసిన సమాజంలో ఉంది అన్నాడు. మావోళ్ల నవ్వు చెప్పేదీ అదే. రెయిన్‌ గన్ను వద్దనలేదు, మా చేనుకు నీళ్లేవి అన్నారు. రాకెట్టు వద్దనలేదు, మురికిగుంతకు యంత్రమేది అన్నారు.

ఈ దేశంలో నవ్వు కూడా కులం చేతిలోనే ఉంది. మనల్ని చూసి వాళ్లు నవ్వితే హాస్యం, వాళ్లను చూసి మనం నవ్వితే పొగరు. అంబేడ్కర్‌నే వదల్లేదు. 1949లో గీసిన ఒక బొమ్మలో రాజ్యాంగాన్ని నత్తను చేసి, దాని మీద ఆయన్ను కూర్చోబెట్టి, వెనక నెహ్రూ చేతికి కొరడా ఇచ్చినారు. ఆ బొమ్మ బడిపుస్తకంలోకి కూడా ఎక్కింది. 2012లో పార్లమెంటులో గొడవ అయ్యేదాకా పెద్దోళ్లకు అందులో తప్పు కనపడలేదు. ఆనాటి పత్రికలు ఆయన మీద వేసిన ఇలాంటి బొమ్మలన్నీ ఏరి మన తెలుగువాడు, బొమ్మలు గీసేవాడు ఉన్నమతి శ్యామసుందర్ 2019లో ఒక పుస్తకంగా తెచ్చినాడు. చూస్తే తెలుస్తుంది, వాళ్ల నవ్వు ఎంత పదునో. మన నవ్వు కూడా పదునైనదే. తేడా ఏమంటే, వాళ్ల నవ్వు అచ్చయ్యింది, మన నవ్వు టీ గ్లాసుతోపాటు కడిగేసినారు.

ఇంకో హెచ్చరిక. ఫోన్లలో ఈ మధ్య ఇంకో రకం నవ్వు తిరుగుతున్నది. 2024 ఆగస్టు 1న వర్గీకరణ మీద సుప్రీంకోర్టు తీర్పు వచ్చినప్పటి నుంచి మాల మాదిగను, మాదిగ మాలను వెక్కిరించే బొమ్మలు పంపుకుంటున్నారు. వర్గీకరణ మీద ఎవరి వాదన వాళ్లు గట్టిగా చెప్పుకోండి, సభలు పెట్టుకోండి. పక్కవాడను చూసి నవ్వే నవ్వు మాత్రం మనది కాదు. అది ఊళ్లోవాడు మన చేతికిచ్చిన కొరడా.

నవ్వి ఊరుకుంటే చాలదు

నవ్వు ఒక్కటే ఉంటే దొరకు నష్టం లేదు. నవ్వి, తువ్వాలు దులుపుకొని ఇంటికి పోతే వాడికి ఇంకా సుఖం. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు ఏం చేసినారో గుర్తుచేసుకోండి. రాత్రిబడి వాచకంలో సారా మీద పాఠం చదివినారు. చదివి ఊరుకోలేదు, సారా అంగడి మూయించినారు. ఆ మంట రాష్ట్రమంతా పాకి 1993 అక్టోబరు 1న సారా నిషేధం వచ్చింది. చదువు, మాట, పని ఈ మూడూ ఒక వరుసలో నడిచినాయి.

మన జిల్లాలోనే 2006లో ఉపాధి పనుల మీద సామాజిక తనిఖీ జరిగింది. ఊరందరి ముందర మస్టరు బయటికి చదవడమే తనిఖీ. చచ్చిపోయినోడి పేరు మస్టర్లో వినపడితే జనం నవ్వుతారు. ఆ నవ్వునే అధికారి కాగితం మీద రాసుకోవల్ల. అప్పుడది సాక్ష్యం.

కాబట్టి సంఘాలకు మా మాట ఇది. పేపరు చదివే ప్రతి చోటా ఒక నోటుపుస్తకం పెట్టండి. ఒక పక్క వార్త రాయండి. ఇంకో పక్క మనోళ్లన్న మాట రాయండి. దాని కింద ఆ మాటలో ఉన్న ప్రశ్న రాయండి: ఎంత డబ్బు, ఎవరి పేరు మీద, ఏ చేన్లో, ఏ తేదీన? పదిహేను దినాలకొకసారి అందులోంచి ఒక్క ప్రశ్న తీసి సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి. మన రాష్ట్రంలో పంచాయతీలో రుసుము లేదు, మండలంలో 5 రూపాయలు, ఆ పైన 10 రూపాయలు. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నోళ్లకు ఎక్కడా రుసుము లేదు. 30 రోజుల్లో జవాబు ఇవ్వల్ల. పని అడిగితే తేదీ వేసిన రసీదు తీసుకోండి. ఫొటో పడక కూలి పోతే ఆ దినం పనిచేసినోళ్లందరి పేర్లు, సంతకాలు, వేలిముద్రలు ఒకే కాగితం మీద పెట్టి మండల ఆఫీసులో ఇచ్చి ముద్ర వేయించుకోండి. అరిగిన వేలైనా కాగితం మీద పడుతుంది.

మా అవ్వలకు చదువు ఇవ్వలేదు, నవ్వును మాత్రం గుంజుకోలేకపోయినారు. ఆ నవ్వుకు మా తరం అక్షరం కలుపుతున్నది. ఇప్పటిదాకా మా నవ్వు విన్నారు. ఇక మా ప్రశ్న వినండి. జవాబు రాతలో ఇవ్వండి.

జై భీమ్!