మనఃప్రసాదము



తెల్లవారినది మొదలు రాత్రి పండుకొనువఱకు నింటిపనియే సరిపోవుచున్నది. జపధ్యానములకుఁ దీఱిక లేదు. మనకుఁ దరించు మార్గమేది యని మనలో ననేకులు విచారింతురు. మేమును జిరకాల మట్లే విచారించితిమి.

ఒక కార్తిక సోమవారమునాఁడు మేము దీపారాధన ముగించు తొందరలో నుండఁగా, మా చిన్నది దోసిటినిండఁ బారిజాతములు తెచ్చి తడికాళ్లతో ముగ్గు త్రొక్కినది. మేము కసరితిమి. పూవులు నేలఁబడినవి. బిడ్డ కన్నుల నీరు నిండినది. వత్తులన్నియు లెక్క తప్పక వెలిగించితిమి గాని, ఆనాఁటి పూజ చెఱిచినది బిడ్డ కాదు, మేమే.

ఆ రాత్రి గీత తెఱచితిమి. 17వ యధ్యాయమున 14, 15, 16 శ్లోకములలో శరీరముతో, వాక్కుతో, మనస్సుతోఁ జేయు తపస్సులు వేర్వేఱుగాఁ జెప్పఁబడినవి. మానసతపస్సున కైదంగములు. అందు మొదటిది మనఃప్రసాదము; అనఁగా మనస్సు కలఁక దేఱి ప్రసన్నముగా నుండుట. సంతోషము తపస్సునకు ఫలమని తలఁచియున్న మాకు, అదియే తపస్సని యప్పుడు తెలిసినది.

అయినను వేదన నడఁచికొని పైకి నవ్వుచుండుమని మేము చెప్పుట లేదు. ఆ శ్లోకముననే చివరి యంగము భావసంశుద్ధి. లోన నొకటి, వెలి నొకటి యైనచోఁ దపస్సు లేదు. దుఃఖము కలిగిననాఁడు దుఃఖింపవచ్చును; బాధపెట్టువా రున్నచో నాప్తులతోఁ జెప్పుకొనవలెను. ఆఁడువారి నోరు మూయుటకు గీత నడ్డము పెట్టుట తగదు.

మఱి యానందము నెక్కడ వెదకుదము? తైత్తిరీయోపనిషత్తున భృగువల్లి యిందుకు దారి చూపుచున్నది. భృగువు తండ్రియైన వరుణుని యానతిఁ దపస్సు చేసి, యన్నము, ప్రాణము, మనస్సు, విజ్ఞానము ననుక్రమముగాఁ బ్రహ్మమని యెంచి, తుద కానందమే బ్రహ్మమని తెలిసికొనెను. అంతటితో నుపనిషత్తు ముగియలేదు. మరల నన్నము కడకే వచ్చి, దానిని నిందింపరాదనియు, పాఱవేయరాదనియు, సమృద్ధిగాఁ జేయవలెననియు, ఇంటికి వచ్చినవారిని గాదనరాదనియు విధించినది. ఆనందశిఖర మెక్కినవారికిని వంటయిల్లు విడువరానిదే!

కావున దినమున కొక్క పనినైనఁ దొందర మాని చేయుదము. బియ్యము కడుగునపుడు చేతికిఁ దగులు చల్లదనమును, ఎసరు మరుగు సవ్వడిని, మొదటి ముద్ద తిను బిడ్డ మొగమును గమనింతము. దీనికి వేఱు ముహూర్త మక్కఱలేదు.

మఱుసటి సోమవారము మొదటి పూవు నా చిన్నదానిచేతనే పెట్టించితిమి. ముగ్గు మరలఁ జెదరినది. ఈమాఱు మేము నవ్వితిమి.