గుర్రం బైకు కాదు

అమీర్‌పేట మైత్రీవనం దగ్గరి సందుల్లో గేమ్ డిజైన్ నేర్పే ఒక సంస్థలో ఈమధ్య డెమో క్లాసు విన్నాను. రోల్‌ప్లేయింగ్ గేమ్ కోసం కల్పిత లోకాన్ని ఎలా కట్టాలో చెబుతున్నారు. ఒక అమ్మాయి లేచి, తన కథలో గుర్రం ముఖ్య పాత్ర అనీ, దాన్ని ఎలా మలచాలో చెప్పమనీ అడిగింది. "గుర్రానికి డిజైన్ ఏంటమ్మా? అది మౌంట్. బైకు అనుకో. స్పీడు పెంచు, స్టామినా బార్ పెట్టు, అసెట్ స్టోర్‌లో రెడీగా దొరుకుతుంది, దించేసుకో. అయినా గుర్రాలు వెస్టర్న్ ఫాంటసీ సరుకు, మనవి ఏనుగులు" అన్నాడు శిక్షకుడు. క్లాసంతా తలూపింది. ఆ అమ్మాయి కూర్చుండిపోయింది.

ఆ మాట ఆయనొక్కడిదే అయితే నేనింత రాయను. ఈ పట్నంలో గేములు నేర్చేవాళ్లు, నేర్పేవాళ్లు, వారాంతాల్లో పాచికలు పట్టుకుని బల్ల చుట్టూ కూర్చునే కుర్రాళ్లు అందరి నోటా ఇదే పాట. డ్రాగన్‌కు వంశచరిత్ర రాస్తారు. కత్తికి శాపం పెడతారు. ఊళ్లో సత్రానికి కూడా ఒక పూర్వకథ అల్లుతారు. గుర్రం దగ్గరికి వచ్చేసరికి మాత్రం ధర, వేగం, మోసే బరువు. డంజన్స్ అండ్ డ్రాగన్స్ 2014 రూల్‌బుక్కులో సవారీ గుర్రం 75 బంగారు నాణేలు, యుద్ధగుర్రం 400. అంతే, గుర్రం సంగతి అయిపోయింది. కొన్నారు, ఎక్కారు, గుహ ముందు కట్టేసి మరిచిపోయారు. ఆట ముగిసేదాకా ఆ గుర్రానికి ఆకలి లేదు, భయం లేదు, పేరు లేదు.

'గుర్రం మనది కాదు' అన్న మాటకు ముందు బదులు చెబుతాను. ఒక్క సంగతి మాత్రం నిజం. మన దక్కను నేల, మన తీరాల ఉక్క మేలుజాతి గుర్రానికి పడవు. అది ఇక్కడ బాగా పెరగదు. అందుకే అది అరేబియా నుంచి, హొర్ముజ్ నుంచి ఓడల్లో రావాలి. కల్పిత లోకం కట్టేవాడికి ఇంతకంటే పెద్ద వరం ఏం కావాలి? ఏ రాజ్యానికి తన గుర్రాన్ని తాను పుట్టించుకునే శక్తి లేదో, ఆ రాజ్యం బతుకంతా రేవు మీద ఆధారపడుతుంది. శ్రీకృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదలో రాజనీతి చెబుతూ, దూరదేశాల నుంచి ఏనుగులను, మేలైన గుర్రాలను తెచ్చే వర్తకులకు ఊళ్లిచ్చి, గౌరవమిచ్చి, లాభమిచ్చి దగ్గర పెట్టుకోవాలనీ, అవి శత్రువు చేతికి పోకుండా చూడాలనీ అన్నాడు. 1547లో విజయనగరం పోర్చుగీసు వాళ్లతో చేసుకున్న ఒప్పందంలో పెద్ద షరతు కూడా ఇదే. గోవాలో దిగే గుర్రాలు మాకే అమ్మాలి, బిజాపూరు సుల్తానుకు అమ్మకూడదు. ఒక జంతువు కోసం రెండు రాజ్యాలు మూడో దేశపు నావికుల ముందు పోటీపడుతున్నాయి. ఇది కథ కాకపోతే మరేది కథ?

విజయనగరంలో కొంతకాలం ఉండి చరిత్ర రాసిపెట్టిన ఫెర్నావో నూనిజ్ స్వయానా గుర్రాల వ్యాపారి. సాళువ నరసింహరాయల గురించి ఆయన రాసింది చదవండి. వర్తకులు తెచ్చిన గుర్రాలను రాయలు బతికినా చచ్చినా కొనేవాడట. సముద్రంలో చచ్చిపోయిన గుర్రానికి దాని తోక తెచ్చి చూపిస్తే, బతికున్నదానికిచ్చే ధరే ఇచ్చేవాడట. ఆ ఒక్క వాక్యంలో ఎన్ని ఆటలున్నాయో లెక్కపెట్టండి. ఓడ దిగిన సంచిలో తోకలు. వాటిలో నిజంగా ఓడలో చచ్చినవెన్ని, తీరంలో ఏ తట్టు గుర్రానికో కోసినవెన్ని? తోకలు పరీక్షించే ఉద్యోగి ఎవడు, వాడికి లంచం ఎంత? ఖజానా ఖాళీ అవుతుంటే మంత్రి ఎవరిని అనుమానిస్తాడు? నలుగురు ఆటగాళ్లు నెలల తరబడి ఆడుకునే సరుకిది.

మార్కోపోలో ఇంకో సంగతి రాశాడు. మనకు దక్షిణాన తమిళ తీరంలో ఏటా వేలకొద్దీ గుర్రాలు దిగేవి, ఏడాది తిరిగేసరికి చాలామటుకు చచ్చేవి. వాటిని చూసుకోవడం తెలిసినవాళ్లు, లాడం కొట్టేవాళ్లు అక్కడ లేరు. గుర్రాలు తెచ్చే వర్తకులే లాడం పనివాళ్లను అక్కడికి రానివ్వరు, గుర్రాలు చస్తేనే కదా మళ్లీ అమ్ముకునేది! ఒక్క లాడం పనివాడిని దొంగతనంగా ఓడెక్కించి తీరం చేర్చగలిగితే రాజ్యపు తలరాత మారిపోతుంది. మాయాఖడ్గం కోసం ఏడు కొండలు దాటించే ఆట రాసేవాళ్లకు ఈ పని కళ్లెదుట ఉన్నా కనబడలేదు. ఎందుకు కనబడలేదంటే, లాడం ఎందుకో, అది అరిగితే ఏమవుతుందో వాళ్లకు ఎవరూ చెప్పలేదు. బైకుకు లాడం ఉండదు మరి.

నాకు అసలు కోపం ఇక్కడే. అమీర్‌పేట అంటే పాంప్లెట్ల గోడలు, డెమో క్లాసులు, మూడు నెలల్లో కెరీర్. దాన్ని నేను తక్కువ చేయను. పల్లెల నుంచి వచ్చి ఇరుకు హాస్టల్ గదుల్లో ఉంటూ ఇక్కడ నేర్చుకున్న పనితో ఇళ్లు నిలబెట్టుకున్న పిల్లలు ఎందరో. కానీ వాళ్ల ప్రాజెక్టులు చూడండి. అందరిదీ ఒకే గుర్రం. ఒకే ఉచిత అసెట్, అదే గోధుమరంగు, అదే పరుగు. మలుపులో గిట్టలు నేలను తాకకుండా జారిపోతాయి, ఎవరికీ పట్టదు. 1878లో మయ్‌బ్రిడ్జ్ పరుగెత్తే గుర్రాన్ని వరసగా ఫొటోలు తీసి, నాలుగు కాళ్లూ ఒకేసారి గాల్లో ఉంటాయని రుజువు చేశాడని యానిమేషన్ మొదటి పాఠంలో చెబుతారు, మంచిదే. అంతకు ఎన్నో వందల ఏళ్ల ముందే అమరకోశం గుర్రపు నడకలను అయిదు ధారలుగా విడదీసి, ఒక్కొక్కదానికి పేరు పెట్టిందని ఎవరూ చెప్పరు. మనుమంచి భట్టు తెలుగులో గుర్రం లక్షణాల మీదే హయలక్షణ విలాసమనే కావ్యం రాశాడని ఎవరూ చెప్పరు. ఒంటి మీద సుడి ఎక్కడుంటే శుభం, ఎక్కడుంటే కీడు అని గుర్రాల పని తెలిసిన మన సాహిణులు లెక్కలు కట్టారు. అలాంటి శాస్త్రం ఏదైనా విదేశీ గేములో కనిపిస్తే మనవాళ్లు ఎంత లోతైన కల్పన అని చప్పట్లు కొడతారు.

పంజాగుట్ట వైపు ముహూర్తాల రోజు సాయంత్రం నడవండి. ఫంక్షన్ హాలు ముందు పెళ్లికొడుకు కోసం తెల్ల గుర్రం నిలబడి ఉంటుంది. నెత్తిన తురాయి, పక్కన జనరేటర్ మోత, చెవుల పక్కనే బ్యాండు, కాళ్ల కింద వేడి తారు, చుట్టూ హారన్లు. దాని చెవులు వెనక్కి వాలతాయి, కళ్లలో తెల్లగుడ్డు కనిపిస్తుంది. భయపడ్డ గుర్రం ఎలా ఉంటుందో అంతకంటే స్పష్టంగా ఏ పాఠంలోనూ దొరకదు. గేమ్ క్లాసు వదిలి మెట్రో స్టేషన్‌కు పోయే పిల్లలు దాని పక్కనుంచే ఫోన్ చూసుకుంటూ వెళ్లిపోతారు. ఆ మూగజీవిని అలా నిలబెట్టడం తప్పని కూడా నేను గట్టిగా అంటాను, అది వేరే వ్యాసం. కానీ కళ్లెదుట ఉన్న గుర్రాన్ని చూడనివాడు తెర మీద గుర్రాన్ని ఎలా పుట్టిస్తాడు? అమీర్‌పేటలో రైలెక్కితే మారకుండా మలక్‌పేట రేసుకోర్సు దాకా పోవచ్చు. ఒక్క శిక్షకుడైనా క్లాసును అక్కడికి తీసుకెళ్లాడా? అమీర్‌పేట పేరు 'పైగా' వంశపు అమీర్లతో ముడిపడినది. నిజాం సొంత అశ్వికదళాన్ని పోషించినందుకే ఆ వంశానికి జాగీర్లు దక్కాయి. గుర్రాలను మేపిన ప్రభువుల పేటలో కూర్చుని గుర్రం మనది కాదంటారా!

ఇక కథల సంగతికి వస్తాను. మన కథల్లో గుర్రం కేవలం ఎక్కి తిరిగే వాహనంగా ఎప్పుడుంది? ఉచ్చైశ్శ్రవం తోక తెలుపా నలుపా అన్న పందెం మీద వినత దాస్యంలో పడింది. గరుత్మంతుడు అమృతం కోసం ఎగరడానికి మూలం ఆ తోకే. ఉదంకుడు నాగలోకంలో గుర్రం చెవిలో ఊదితే దాని ఒంటి నుంచి మంటలు లేచి తక్షకుణ్ణి బయటికి రప్పించాయి. ఆ గుర్రమే అతన్ని గడువు దాటకముందు గురుపత్ని దగ్గరికి చేర్చింది. అశ్వమేధంలో గుర్రానికి కళ్లెం ఉండదు. అది ఎటు పోతే అటు సైన్యం పోవాలి. అది అడుగుపెట్టిన నేల లొంగిపోవాలి, లేదా యుద్ధానికి దిగాలి. అంటే రాజ్యపు పటాన్ని గుర్రం గీస్తుంది. ఆ గుర్రం వెంట పోయే అర్జునుడు మణిపురంలో కన్నకొడుకు బభ్రువాహనుడి చేతిలోనే పడిపోయాడు. లవకుశులు గుర్రాన్ని కట్టేసి తండ్రి సైన్యాన్నే ఎదిరించారు. 1949 నాటి కీలుగుర్రంలో అక్కినేని ఎక్కిన యంత్రపు గుర్రాన్ని జనం ఎగబడి చూశారు. తెలుగువాడికి ఫాంటసీ అంటే మొదట గుర్తొచ్చే జంతువు గుర్రమే.

వీటన్నిటికంటే నలుడి కథ నాకు ప్రాణం. పాచికల్లో రాజ్యం పోగొట్టుకుని, రూపం మారి, బాహుకుడనే పేరుతో అయోధ్యలో ఋతుపర్ణుడి కొలువులో చేరాడు నలుడు. ఆ రాజు ఒక్క పగలులో నూరు యోజనాలు దాటి విదర్భకు చేరాలి. అందరూ బలిసిన గుర్రాలను చూపిస్తే నలుడు బక్కవాటిని ఏరాడు. రాజు చిన్నబుచ్చుకున్నాడు. రథం ఎక్కగానే ఆ గుర్రాలు మోకాళ్ల మీద కూలబడ్డాయి. నలుడు వాటిని నిమిరి, ఊరడించి, పగ్గాలు పట్టాడు. ఆ తర్వాత రాజు ఉత్తరీయం జారిపడి, ఆపమని చెప్పేలోపు అది యోజనం దూరాన వెనకబడిపోయింది. దారిలో తానికాయ చెట్టు కాయలనూ ఆకులనూ చూపుతోనే లెక్కగట్టిన ఋతుపర్ణుడు, తన అక్షవిద్యను ఇచ్చి నలుడి అశ్వవిద్యను అడిగాడు. పాచికల మర్మం తెలిసిన క్షణంలో నలుణ్ణి పట్టిన కలి వదిలిపోయాడు. ఆ విద్యతోనే రాజ్యం తిరిగి గెలిచాడు. పాచికలు దొర్లించి ఆడే ఆటగాళ్లారా, మీ ఆటకు పురాణంలో ఇంతకంటే దగ్గరి చుట్టం ఉందా? పాచికల విద్యకు సాటిగా తూగినది గుర్రం విద్య. బక్క గుర్రంలో బలాన్ని చూసే కన్ను నలుడికి దక్కిన అసలైన శక్తి. దాన్ని మీరు 'స్పీడు ప్లస్ పది' అని రాస్తున్నారు.

మిగతా వాదాలకు బదులు చెప్పడానికి ఎక్కువసేపు అక్కర్లేదు. గుర్రానికి మేత, నీళ్లు పెట్టడం ఆటగాళ్లకు విసుగంటారు. 2018లో వచ్చిన రెడ్ డెడ్ రిడెంప్షన్ 2లో గుర్రాన్ని మేపాలి, మాలీషు చేయాలి, అది చస్తే చచ్చినట్టే. కోట్ల మంది ఆడారు. వెస్టర్న్ సరుకంటారు. 2006లో ఆబ్లివియన్ అనే గేములో గుర్రానికి కవచాన్ని రెండున్నర డాలర్లకు అమ్మితే ఆ పడమటి ఆటగాళ్లే తిట్టిపోశారు. మనవి ఏనుగులంటారు. ఉంటే ఉండనీండి, మన రాజులు రెంటినీ ఏలారు. 1310లో ఓరుగల్లు ముందు దిగిన మాలిక్ కాఫర్‌కు ప్రతాపరుద్రుడు అప్పగించిన సొత్తులో ఏనుగులూ ఉన్నాయి, గుర్రాలూ ఉన్నాయి.

మరి ఎలా చేయాలంటారా? రౌతు మెత్తనైతే గుర్రం మూడు కాళ్ల మీద నడుస్తుందని మన సామెత. ఆ సామెతే మొదటి రూలు. గుర్రం తన మీదున్న మనిషిని తూచాలి. దాని తరఫున పాచిక గేమ్ మాస్టర్ వేయాలి, ఫలితం ఆటగాడికి కనబడకూడదు, దాని చెవులూ నడకా చూసి అతనే గ్రహించుకోవాలి. గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదన్నది రెండో రూలు. ఉలవలు ఎక్కడివో, ఎవరి పొలంలోవో తేలాలి, కరువొస్తే మనుషుల గింజలా గుర్రాల గింజలా అన్న తగువు ఊళ్లో రావాలి. సుడులు చదివే సాహిణి ఒకడుండాలి, వాడు అబద్ధం చెప్పగలగాలి. కళ్లెం లేని గుర్రం ఒకటి లోకంలో తిరగాలి, దాని వెంట ఎవరు పోతారో చూడాలి. మిగతాది మీ ఊహకే వదిలేస్తున్నాను, రూల్‌బుక్కు రాసేది మీరు.

గేమ్ కోర్సులో చేరబోయే పిల్లలకు ఒక్క మాట. డెమో క్లాసులో చేయి ఎత్తి నిలదీయండి. ఈ లోకంలో గుర్రం ఎక్కడ పుట్టింది, ఏ రేవులో దిగింది, ఎవరు లాడం కొట్టారు, ఏం తింటుంది, ఎవరిని ఎక్కనివ్వదు? బైకు అనుకోమని చెప్పే చోట ఫీజు కట్టకండి.