గడువు తీరిన పేరు ఎవరి సొత్తు?

వెబ్‌సైటు పేరునకు ఏటేట రుసుము చెల్లింపవలెనని యెరిగియు గడువు దాటనిచ్చినవాడు దానిని పోగొట్టుకొనుట న్యాయమే యనియు, ముందుగా చేయి చాచినవానికది దక్కుట అంతకన్న న్యాయమనియు వాదించుట నేడు వ్యాపారులలోనే గాక వివేకవంతులలోను పరిపాటియైనది. పేరు యజమాని కొక్కనికే చెందిన వస్తువనియు, గడువుతో దాని సంబంధములన్నియు తెగిపోవుననియు నమ్మువారికి మాత్రమే ఈ వాదము ఋజువుగా తోచును. ఆ రెండును అసత్యములే.

అలక్ష్యమను నిందను ముందు విచారింతము. 1999 క్రిస్మస్ వేళ మైక్రోసాఫ్టు సంస్థ పాస్‌పోర్ట్ డాట్ కామ్ అను పేరునకు రుసుము చెల్లింప మరచినందున, హాట్‌మెయిల్ వాడువారనేకులు తమ ఉత్తరములను చూచుకొనజాలకపోగా, అమెరికాలోని యొక లినక్సు ప్రోగ్రామరు సొంత కార్డుతో 35 డాలర్లు చెల్లించి ఆ పేరును నిలబెట్టెను. అపారధనముగల సంస్థకే యిది సంభవించినపుడు, చిన్న పత్రిక నొంటరిగా నడపుచు మరణించిన సంపాదకుని వారసులను అలసులని దూషించుట ఏపాటి ధర్మము? ఇంటర్నెట్ పేర్ల వ్యవస్థను పర్యవేక్షించు ఐకాన్ సంస్థ నియమము ననుసరించి, పేర్లను నమోదుచేయు రిజిస్ట్రారు గడువునకు సుమారొక నెల ముందును, ఒక వారము ముందును, గడువు పిమ్మట అయిదు దినములలోను హెచ్చరిక పంపవలెను. ఆ హెచ్చరిక చేరవలసిన ఈమెయిలు మృతునిదైనచో, లేక గడువు తీరిన ఆ పేరుమీదనే యున్నచో, దానిని చదువువా రెవరు?

డాట్ కామ్ వంటి పేర్లకు గడువు తరువాత గరిష్ఠముగా 45 దినముల వెసులుబాటును, రద్దైన పిదప అదనపు రుసుముతో విడిపించుకొనుటకు 30 దినములును, కడపట తొలగింపునకు 5 దినములును కలవు. కాని ఆ 45 దినములను రిజిస్ట్రారు కుదింపవచ్చును; పెక్కురు రిజిస్ట్రార్లు పేరును రద్దు కానీయక ఆ కాలముననే వేలమువేసి కొన్నవాని ఖాతాకు మార్చుచున్నారు. పేరు పోయిన లాభపడువాని చేతనే దాని కావలిని పెట్టితిమి.

అంతకన్న ఘోరమైనది వేరొకటి కలదు. కొన్నవాడు పేరుతోపాటు దాని చిరునామాలకింకను వచ్చుచున్న ఉత్తరములను, పాత ఖాతాల పాస్‌వర్డులను మార్చు లంకెలను, పూర్వయజమాని సంపాదించిన పరపతిని గూడ పొందును. న్యాయవాదుల కార్యాలయమొకటి వేరొకదానిలో విలీనమై పాత పేరును విడిచినచో, కక్షిదారు పంపిన రహస్యపత్రము అపరిచితుని పెట్టెలో పడవచ్చును. ఆ కక్షిదారు చేసిన అలక్ష్యమేమి? 2024లో వాచ్‌టవర్ అను భద్రతా పరిశోధక సంస్థవారు, డాట్ మోబి పేర్ల వివరములు తెలుపుటకై పూర్వము వాడబడి విడువబడిన సర్వరు పేరును 20 డాలర్లకు కొనగా, కొన్ని దినములలోనే లక్షకుపైగా యంత్రములు, ప్రభుత్వ సైనిక కార్యాలయములవి సైతము, సంగతి నెరుగక దానినే ప్రశ్నింపసాగెను. వారు సజ్జనులగుటచే కీడు తప్పినది. కొనువారెల్లరు నట్టివారే యని యెవరు పూచీపడగలరు?

వాడని పేర్లను బంధించినచో క్రొత్తవారికి దొరకవందురు. శాశ్వతముగా బంధింపుమని నే ననుటలేదు. గడువు తీరిన పేరొక సంవత్సరము ఎవరికిని చెందక, ఏ ఉత్తరమును స్వీకరింపక యుండినచో, పంపినవానికి తన ఉత్తరము చేరలేదని తెలియును, లంకె పెట్టినవాడు సరిదిద్దుకొనును, వారసులు మేల్కొందురు. ఐకాన్ ఆలసించినను, మన డాట్ ఇన్ పేర్లను నిర్వహించు నిక్సీ యీ నియమమును ముందుగా చేయవలెను. ఒక్కమారే 10 ఏండ్లకు రుసుము చెల్లించు వీలున్నది గనుక, సంస్థలను మూయువారును విలీనము చేయువారును అంతవరకు పాత పేర్లను విడువకుందురు గాక.