మాట్లాడుతూనే ఉంటే పని ఎప్పుడు?

2020 వేసవిలో చిక్కబళ్లాపురం, బాగేపల్లి, చింతామణి పల్లెల్లో ఎవరూ ఊహించని ఘటన జరిగింది. చదువుకుని బెంగళూరు చేరిన పిల్లలు తిరిగి వచ్చారు. పండుగకు వచ్చి రెండు రోజులుండి పోయే రాక కాదది. ల్యాప్‌టాపులతో, భార్యాబిడ్డలతో వచ్చి నెలల తరబడి ఉన్నారు. కొవిడ్ తెచ్చిన దుఃఖాన్ని నేను మరువలేదు. కానీ బాగేపల్లి నుంచి బెంగళూరుకు పోయే నూరు కిలోమీటర్ల దారి రెండు దశాబ్దాలుగా మన ఇళ్లలో తెలుగు పలికే గొంతులను పట్టుకుపోవడమే ఎరుగును. ఆ ఏడాది తొలిసారి వెనక్కి తెచ్చి ఇచ్చింది. అవ్వల ఒడిలో మనవలు తెలుగు నేర్చారు. భాషోద్యమం ఎన్ని సభలు పెట్టినా సాధించలేని పని ఇది.

ఆ రోజుల్లో బాగేపల్లి తాలూకాలో ఒక బంధువుల ఇంటికి వెళ్లాను. పట్టుపురుగులు చివరి దశలో ఆకు తింటున్నాయి. ఇంటిల్లిపాదికీ ఊపిరి సలపని పని. తల్లి రేషం ఆకు మోపు మోస్తున్నది. కొడుకు మిద్దెమీద, సిగ్నలు అందే మూల కూర్చుని, చెవుల్లో తీగలు పెట్టుకుని వింటున్నాడు. పది గంటలకు కూర్చున్నవాడు ఒంటిగంటకూ లేవలేదు. వాళ్ల అవ్వ కింద నుంచి కేకవేసింది: "ఏమిరా, పొద్దున్నించీ ఆ డబ్బాతోనే ఉండావు, పని ఎప్పుడు చేస్తావు?"

అతడు నవ్వలేదు. అన్నానికి దిగివచ్చి నాతో అన్నాడు: "అవ్వ అడిగిందే నిజం మామా. ఈ పొద్దు నాలుగు మీటింగులు. నేను నోరు తెరవాల్సింది ఒక్కదాంట్లోనే. మా జట్టులో ఏడుగురం ఉంటే అయిదుగురం తెలుగోళ్లమే. గంటసేపు ఇంగ్లీషులో తడుముకుంటాం. అయిపోయినాక ఇద్దరం ఫోన్ చేసుకుని తెలుగులో అయిదు నిమిషాల్లో తేల్చేస్తాం. అసలు పని రాత్రికి మొదలు."

ఇది ఒక్క ఇంటి మాట కాదు. ఆసియాలోని ఒక పెద్ద ఐటీ సేవల సంస్థలో పదివేలమందికి పైగా ఉద్యోగుల పనిని మైకేల్ గిబ్స్, ఫ్రెడరికె మెంగెల్, క్రిస్టొఫ్ సీమ్‌రోత్ అనే ఆర్థికవేత్తలు పరిశీలించారు. 2021లో వెలువడిన వారి పత్రం ప్రకారం, ఇంటి నుంచి పనిచేసిన కాలంలో పనిగంటలు సుమారు 30 శాతం పెరిగాయి. ఫలితం మాత్రం చెప్పుకోదగినంతగా మారలేదు. అంటే గంటకు జరిగే పని 20 శాతం దాకా తగ్గినట్టు. సమావేశాలకూ, ఒకరితో ఒకరు సమన్వయం చేసుకోవడానికీ పట్టే సమయం పెరిగింది. ఎవరూ కదిలించకుండా పనిచేసుకునే వేళలు బాగా తగ్గిపోయాయి. 2020లో పదహారు మహానగరాలలో జరిగిన మరొక పరిశీలన కొంత వేరుగా చెప్పింది. సమావేశాల సంఖ్య దాదాపు 13 శాతం పెరిగినా, ఒక్కొక్కటి 20 శాతం కురచ అయిందట. మొత్తంమీద సమావేశాలలో గడిచే సమయం కొంత తగ్గిందనే అది తేల్చింది. కాబట్టి గంటలు లెక్కపెట్టి తీర్పు చెప్పడం తొందరపాటు. కానీ రోజును అరగంట ముక్కలుగా నరికితే ఆ ముక్కల నడుమ మనసు పెట్టి చేసే పని ఏముంటుంది? నీటి వంతును పది నిమిషాలకొకసారి ఆపి ఆపి పారిస్తే మడి ఎండిపోతుందని మన రైతుకు తెలుసు.

ఈ లెక్కలు మన సరిహద్దు కుటుంబాలకు ఎందుకంటే, ఇంటి నుంచి పని సాగదన్న వాదన బలపడేకొద్దీ పిల్లలకు బెంగళూరు పిలుపు వస్తుంది. వచ్చింది కూడా. టీసీఎస్ వంటి పెద్ద సంస్థ 2023 అక్టోబరు నుంచి ఉద్యోగులను వారమంతా కార్యాలయానికి రమ్మన్నది. పిల్లలు మళ్లీ మూటలు కట్టారు. ఇల్లు పనికి అడ్డమని చెప్పినవారు సమావేశం సంగతి ఎంత లెక్కలోకి తీసుకున్నారని నా ప్రశ్న. ఆకు మోపు మోసే తల్లి కొడుకు పనిని చెడగొట్టలేదు. అతనితో నిమిత్తం లేని మూడు సమావేశాలు చెడగొట్టాయి.

అందుకే ఇది భాషోద్యమం పట్టించుకోవలసిన విషయమంటున్నాను. మాట్లాడే పని లేనివాడిని కూర్చోబెట్టవద్దని, చదివి తెలుసుకోగలిగినది రాసి పంపమని మన యువకులు జంకకుండా అడగాలి. జట్టులో అందరికీ తెలుగు వస్తే చర్చ తెలుగులో జరిపి, తీర్మానం ఇంగ్లీషులో రాసుకోవచ్చు. కన్నడిగ మిత్రుడు ఒక్కడున్నా అతన్ని బయట నిలబెట్టి తెలుగులో మాట్లాడుకోవడం మర్యాద కాదు. కన్నడం మన రాష్ట్రభాష. చింతామణి తాలూకా కైవారంలో తాతయ్య రెండు నుడుల్లోనూ కీర్తనలు చెప్పిన నేల మనది. ఇబ్బందల్లా అయిదుగురు తెలుగువారు తమలో తాము కూడా రాని భాషలో గంట గడపడంతోనే.

ఇక మా ఇంటి గుట్టు. 2020 తరువాత ఉద్యమ సమావేశాలు కూడా తెరమీదికి వచ్చాయి. హోసూరు మిత్రులు, బళ్లారి మిత్రులు ప్రయాణం ఖర్చు లేకుండా కలుస్తున్నారని మురిశాము. అటువంటి ఒక సమావేశానికి నేనే అధ్యక్షుణ్ణి. అతిథుల పరిచయానికి నలభై నిమిషాలు పట్టింది. ఒక పెద్దాయన శబ్దం ఆపి ఉందని గమనించక పద్యం పాడుతూ పోయారు, ఎవరూ అడ్డు చెప్పలేదు. సరిహద్దు జిల్లాల బడులు చివరి అంశం. తన పిల్లవాని బడిలో తెలుగు నేర్పేవారు లేరని చెప్పుకోవడానికి చిక్కబళ్లాపురం నుంచి ఒక తల్లి గంటన్నర కాచుకుని ఉన్నది. ఆమె వంతు వచ్చేసరికి వందన సమర్పణ మొదలైంది. అల్పసంఖ్యాక భాషల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధించే వసతి కల్పించాలని రాజ్యాంగంలో 1956లో చేర్చిన 350ఎ అధికరణం చెబుతున్నది. ఆ అధికరణాన్ని నా అధ్యక్షోపన్యాసంలో నేనే ఉటంకించాను. ఆమె మాట మాత్రం వినలేదు.

వచ్చే నెల నుంచి మన పత్రిక మిత్రుల అంతర్జాల సమావేశం నలభై నిమిషాలే జరుగుతుంది. చర్చించవలసిన అంశాలను మూడు రోజుల ముందే తెలుగులో పంపుతాము. పరిచయాలు, ప్రశంసలు ఉండవు. మొదటి మాట ఆ చిక్కబళ్లాపురం తల్లిది.