‘సీటు వచ్చాక చూద్దాంలే’ అంటే కుదరదు

ఈఏపీసెట్ ర్యాంకులు వచ్చిన రోజుల్లో విజయవాడలో ఏ నెట్ సెంటర్‌కి వెళ్లినా ఒకటే దృశ్యం. తండ్రి చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో సర్టిఫికెట్లు. పక్కన కూతురు వెబ్ ఆప్షన్లు పెడుతుంటుంది. ఫీజు సంగతేంటని అడిగితే వచ్చే జవాబూ ఒకటే: ‘ముందు సీటు రానివ్వండి, స్కాలర్‌షిప్ తర్వాత చూద్దాం.’

ఇంజినీరింగ్‌లో ఈ మాట కొంతవరకు చెల్లుతుంది. ఆ దారి అందరికీ తెలుసు. చాలా కాలేజీలు దగ్గరుండి అప్లికేషన్ పెట్టిస్తాయి. హార్టికల్చర్ లాంటి చదువుల దగ్గరికి వచ్చేసరికి చెప్పేవాళ్లు ఉండరు. ఏ పరీక్షతో చేరాం, ఏ కోటాలో చేరాం అన్నదాన్ని బట్టే డబ్బు వస్తుందో రాదో తేలిపోతుంది. అంటే సీటు ఖాయం చేసుకున్న రోజే సగం స్కాలర్‌షిప్ నిర్ణయం కూడా అయిపోయినట్టే.

మన చుట్టూ చూడండి. నూజివీడు మామిడి, నున్న మార్కెట్, కృష్ణా లంకల్లో అరటి, దుగ్గిరాల పసుపు. గోదావరి దాటితే కడియం నర్సరీలు. ఇన్ని తోటల మధ్య పెరిగిన పిల్లలు ‘హార్టికల్చర్ చదువుతా’ అంటే ఇంట్లో మొదటి ప్రశ్న ‘దానికి రీయింబర్స్‌మెంట్ ఉందా?’ అని. ఉంది. తాడేపల్లిగూడెం దగ్గర వెంకటరామన్నగూడెంలో 2007 నుంచి ఉద్యాన విశ్వవిద్యాలయం నడుస్తోంది. ఇప్పుడది డాక్టర్ వైఎస్సార్ పేరుతో ఉంది. నాలుగేళ్ల బీఎస్సీ ఆనర్స్‌కి బైపీసీ వాళ్లు ఈఏపీసెట్ ర్యాంకుతో చేరొచ్చు. పదో తరగతి తర్వాత రెండేళ్ల డిప్లొమా కూడా ఉంది. అది పూర్తి చేసినవాళ్లు హార్టిసెట్ రాసి బీఎస్సీలోకి రావచ్చు. 2019లో గ్రామ సచివాలయాల్లో ఉద్యాన సహాయకుల పోస్టులు పడినప్పుడు డిగ్రీ వాళ్లకీ డిప్లొమా వాళ్లకీ అవకాశం దక్కింది.

ఇక డబ్బు సంగతి. మొదటిది రాష్ట్రం ఇచ్చే ఫీజు రీయింబర్స్‌మెంట్, హాస్టల్ ఖర్చుల సాయం. ప్రభుత్వాలు మారినప్పుడల్లా పేర్లు మారుతుంటాయి. ఆర్టీఎఫ్, ఎంటీఎఫ్ అన్నా, విద్యా దీవెన, వసతి దీవెన అన్నా పని ఒకటే. వసతి దీవెన కింద డిగ్రీ వాళ్లకి ఏడాదికి 20,000 రూపాయలు, పాలిటెక్నిక్ వాళ్లకి 15,000 చొప్పున నిర్ణయించారు. దరఖాస్తు జ్ఞానభూమి పోర్టల్‌లో. కుటుంబ ఆదాయం 2.5 లక్షలు దాటకూడదు, హాజరు 75 శాతం ఉండాలి. సీటు కన్వీనర్ కోటాలో వచ్చి ఉండాలి. మేనేజ్‌మెంట్ సీటు తీసుకుంటే ఈ తలుపు మూసుకుపోయినట్టే.

ఆదాయం 2.5 లక్షలు కొంచెం దాటినవాళ్ల సంగతేంటి? నాన్నది చిన్న ప్రైవేటు ఉద్యోగం, అమ్మ కుట్టు మిషన్ మీద నాలుగు రూపాయలు సంపాదిస్తుంది. పేదల లెక్కలోకి రారు, ఫీజు కట్టేంత స్తోమతా ఉండదు. ఇలాంటి ఇళ్ల కోసం కేంద్రం ఇచ్చే సెంట్రల్ సెక్టార్ స్కాలర్‌షిప్ ఉంది. ఇంటర్‌లో తమ బోర్డు విద్యార్థుల్లో 80వ పర్సంటైల్‌కి పైన ఉండాలి, కుటుంబ ఆదాయం 4.5 లక్షల లోపు ఉండాలి. మొదటి మూడేళ్లు ఏడాదికి 12,000 రూపాయలు వస్తాయి. దేశం మొత్తం మీద ఏటా 82,000 మందికి కొత్తగా ఇస్తారు. నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో అప్లై చేయాలి. ఒక్క మెలిక: రాష్ట్రం నుంచి ఫీజు రీయింబర్స్‌మెంట్ తీసుకునేవాళ్లకి ఇది రాదు. రెండింటికీ పెట్టేద్దాం అనుకోకుండా, మీ ఇంటి ఆదాయానికి ఏది సరిపోతుందో ముందే తేల్చుకోండి.

మూడోది మనవాళ్లు పెద్దగా పట్టించుకోనిది. వ్యవసాయ విశ్వవిద్యాలయాల్లో ఐసీఏఆర్ ఆలిండియా సీట్లను 2023 నుంచి సీయూఈటీ ద్వారా భర్తీ చేస్తున్నారు. ఆ దారిలో సొంత రాష్ట్రం వదిలి బయట చేరినవాళ్లకి నేషనల్ టాలెంట్ స్కాలర్‌షిప్ ఉంటుంది. బీఎస్సీ తర్వాత ఎమ్మెస్సీకి వెళ్తే ఐసీఏఆర్ పీజీ పరీక్షలో మంచి ర్యాంకుకి నెలనెలా ఫెలోషిప్ కూడా ఉంది. ఈఏపీసెట్ ఒక్కటే రాసి కూర్చుంటే ఈ రెండు దారుల గురించి తెలియనే తెలియదు.

ల్యాండ్‌స్కేపింగ్ అంటే ఇష్టపడే బీఆర్క్ వాళ్లకి ఊరు దాటాల్సిన పని కూడా లేదు. 2008లో విజయవాడకి వచ్చిన స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్‌లోనే ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్చర్‌లో పీజీ ఉంది. గేట్ స్కోరుతో చేరేవాళ్లకి స్టైపెండ్ ఎలా ఇస్తారో చేరేముందే అడగండి.

అర్హత ఉండీ డబ్బు అందకపోవడానికి కారణాలు చాలాసార్లు చిన్నవే. నాకే జరిగింది. ఇంజినీరింగ్ రెండో ఏడాదిలో స్నేహితులందరికీ మెయింటెనెన్స్ డబ్బులు పడ్డాయి, నాకు పడలేదు. బ్యాంకుకి వెళ్తే ‘ఆధార్ లింక్ అయ్యే ఉంది బాబూ’ అన్నారు. కాలేజీలో అడిగితే ‘మేం పంపేశాం’ అన్నారు. చివరికి తేలిందేమిటంటే, పదో తరగతిలో ఎప్పుడో తెరిచి వదిలేసిన అకౌంట్‌కి డబ్బు వెళ్లింది. ఆధార్ ఎన్ని అకౌంట్లకి లింక్ చేసినా, ప్రభుత్వ సొమ్ము పడేది ఎన్‌పీసీఐ దగ్గర చివరిసారి సీడింగ్ చేసిన ఒక్క అకౌంట్‌లోనే. మైఆధార్ సైట్‌లో ‘బ్యాంక్ సీడింగ్ స్టేటస్’ నొక్కితే రెండు నిమిషాల్లో తెలిసిపోతుంది. టెన్త్ మెమోలో, ఆధార్‌లో, పాస్‌బుక్‌లో పేరు ఒకేలా ఉందో లేదో కూడా ఆ రోజే చూసుకోండి. ఇంటిపేరు ఒకచోట పూర్తిగా, ఇంకోచోట పొడి అక్షరంగా ఉన్నా ఫైలు ఆగిపోవచ్చు.

అయితే తప్పంతా విద్యార్థిది కాదు. డెల్టాలో పొలం ఒకరిది, చెమట ఇంకొకరిది. ఉద్యాన, వ్యవసాయ కోర్సుల్లో రైతు కోటా ఉంది. దానికి పల్లెలో చదివినట్టు, కుటుంబానికి భూమి ఉన్నట్టు కాగితం చూపాలి. పాతికేళ్లుగా కౌలుకి చేస్తున్న రైతు కూతురు ఆ కాగితం ఎక్కడి నుంచి తెస్తుంది? 2019 చట్టంతో సాగుదారు హక్కు పత్రాలు వచ్చాయి. వాటికీ యజమాని సంతకం కావాలి, ఆ సంతకానికి చాలామంది వెనకాడతారు. కోటా లేక జనరల్‌లో సీటు దక్కకపోతే మిగిలేది ప్రైవేటు కాలేజీలో మేనేజ్‌మెంట్ సీటు. దానికి రీయింబర్స్‌మెంట్ రాదు. ఒక్క కాగితం లేక సీటూ పోతుంది, సాయమూ పోతుంది. రైతు కోటాలో కౌలు రైతు పిల్లలకి చోటివ్వడం న్యాయం. సాగు చేస్తున్నట్టు సచివాలయం సిబ్బంది ధ్రువీకరిస్తే చాలు అనొచ్చు. పంట ఎవరు వేశారో ఊళ్లో అందరికీ తెలిసిన విషయమే కదా.

బకాయిల సంగతీ అంతే. ప్రభుత్వం కాలేజీకి డబ్బు ఆలస్యంగా ఇస్తే, కాలేజీ విద్యార్థి సర్టిఫికెట్ పట్టుకుని కూర్చుంటుంది. ఫీజు కోసం ఒరిజినల్స్ ఆపకూడదని యూజీసీ 2018లోనే స్పష్టంగా చెప్పింది. అయినా ఇంటర్వ్యూకి టీసీ లేకుండా వెళ్లాల్సి వచ్చినవాళ్లు మీలోనే ఉంటారు. దరఖాస్తుకి విద్యార్థికి ఆఖరి తేదీ పెడుతున్నప్పుడు, విడుదలకి ప్రభుత్వమూ ఒక తేదీ ప్రకటించి దానికి కట్టుబడాలి. అడ్మిషన్ నోటిఫికేషన్‌తో పాటే ‘ఈ సీటుకి ఈ సాయం వస్తుంది, ఇది రాదు’ అని తెలుగులో ఒక్క పేజీ ఇవ్వడానికి యూనివర్సిటీకి పెద్ద ఖర్చేమీ కాదు.

ఇది చదువుతున్న మీలో చాలామంది డిగ్రీ అయిపోయి ఉద్యోగాల వేటలో ఉండొచ్చు. మీ తమ్ముడో, చెల్లెలో, మేనమామ కూతురో ఇంటర్ బైపీసీలో ఉండే ఉంటారు. ఇంట్లో ఫోన్‌లో ఫారాలు నింపడం తెలిసింది మీ ఒక్కరికే కావచ్చు. ఈ ఆదివారం ఇంటికెళ్లినప్పుడు ఆదాయ సర్టిఫికెట్, కుల సర్టిఫికెట్, సీడింగ్ స్టేటస్, పేర్లు, ఈ నాలుగూ ఒకసారి చూడండి. వెబ్ ఆప్షన్లు తెరిచేలోపే ఆ పని పూర్తయిపోవాలి.